గుమాస్తా ఉద్యోగ పరీక్షలు: మన పిల్లలకూ పెద్దలకూ కొన్ని మాటలు

ఉగాదికో సంక్రాంతికో మన సంఘం వాళ్ళం నలుగురం కలిసినప్పుడు, పులిహోర పొట్లం చేత పట్టుకుని ఎవరో ఒక తండ్రో తల్లో నా పక్కకు వచ్చి అడిగే ప్రశ్న ఒకటుంది. "మావాడు డిగ్రీ పూర్తిచేశాడండీ. క్లర్కు పరీక్షలు రాస్తానంటున్నాడు. అసలు అందులో ఏమడుగుతారు? ఎలా చదవాలి?" నేను బ్యాంకులో పనిచేస్తున్నాను గనుక నాకు తెలిసి ఉంటుందని వారి నమ్మకం. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు నాకు తెలిసినంతవరకు మన పత్రికలో రాస్తే బరంపురంలో ఉన్నవారికీ, హోసూరులో ఉన్నవారికీ, షోలాపూర్‌లో ఉన్నవారికీ, యానాంలో ఉన్నవారికీ ఒకేసారి అందుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను బి.కాం. చదివి, 1994లో బ్యాంకులో గుమాస్తాగా చేరాను. అప్పట్లో బ్యాంకింగ్ సర్వీస్ రిక్రూట్‌మెంట్ బోర్డులని ఉండేవి. అవి పరీక్ష పెట్టి, ఇంటర్వ్యూ చేసి, బ్యాంకులకు మనుషులను ఇచ్చేవి. 2001లో ఆ బోర్డులను ఎత్తివేశారు. ఇప్పుడు ప్రభుత్వరంగ బ్యాంకులన్నిటికీ, ఒక్క స్టేట్ బ్యాంకు తప్ప, ముంబైలోని ఐ.బి.పి.ఎస్. సంస్థ ఉమ్మడి పరీక్ష నిర్వహిస్తోంది. 2011లో మొదలైన పద్ధతి ఇది. స్టేట్ బ్యాంకు తన పరీక్ష తానే పెట్టుకుంటుంది. పేర్లు మారాయి, పెన్సిలుతో గుండ్రాలు నింపే కాగితాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. పరీక్ష వెనకున్న ఆలోచన మాత్రం పెద్దగా మారలేదు.

ఈ పరీక్ష ఏం కొలుస్తుంది?

చాలామంది తల్లిదండ్రులు ఇది తెలివితేటల పరీక్ష అనుకుంటారు. పిల్లవాడు తప్పితే "మావాడికి బుర్ర లేదు" అని బెంగపడతారు. అది సరికాదు. ఇది గుమాస్తా పనికి కావలసిన నేర్పును కొలిచే పరీక్ష. ఆ నేర్పులో మూడు భాగాలున్నాయి: చూసినదాన్ని పొరపాటు లేకుండా పోల్చుకోవడం, చిన్న లెక్కలు త్వరగా చేయడం, చెప్పిన నియమం ప్రకారం వరస తప్పకుండా నడవడం.

1930లలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు గుమాస్తాల కోసం ఒక పరీక్ష తయారుచేశారు. అందులో రెండే భాగాలు. జంట జంటగా అంకెలిస్తారు, జంట జంటగా పేర్లిస్తారు. రెండూ ఒకటేనా, తేడా ఉందా చెప్పాలి. అంతే. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది గాని, గడియారం పెట్టుకుని వంద జంటలు పోల్చి చూడండి, కళ్ళు తిరుగుతాయి. మా రోజుల్లో క్లర్కు పరీక్షలో 'క్లరికల్ ఆప్టిట్యూడ్' అనే భాగం ఈ కోవలోనిదే.

ఇది పనిలో ఎక్కడ పనికొస్తుందో చెబుతాను. సాయంత్రం కౌంటరు మూసి లెక్క సరిచూసుకుంటే 180 రూపాయలు తేడా వచ్చిందనుకోండి. పాత గుమాస్తా వెంటనే 180ని తొమ్మిదితో భాగించి చూస్తాడు. శేషం లేకుండా భాగింపబడితే, ఎక్కడో పక్కపక్క అంకెలు తారుమారై ఉండవచ్చునని అతని అనుమానం. 5,643 రాయవలసిన చోట 5,463 రాస్తే తేడా సరిగ్గా 180. పక్కపక్క అంకెలు ఎక్కడ తారుమారైనా తేడా తొమ్మిదితో భాగింపబడి తీరుతుంది. ఇలాంటి పొరపాటు చేయని కన్ను, చేస్తే పట్టుకోగల బుర్ర, ఇవే ఆ ప్రశ్నపత్రం వెతికేవి. ఇది అభ్యాసంతో వచ్చేదే గాని పుట్టుకతో వచ్చేది కాదు.

ఇప్పటి పరీక్షల తీరు

బ్యాంకు క్లర్కు పదవికి ఇప్పుడు 'కస్టమర్ సర్వీస్ అసోసియేట్' అని పేరు పెట్టారు. ఏదైనా డిగ్రీ ఉండాలి. వయస్సు 20 నుంచి 28 సంవత్సరాలు, రిజర్వేషన్లు ఉన్నవారికి సడలింపు ఉంది. మొదట ప్రాథమిక పరీక్ష: ఇంగ్లీషు 30, లెక్కలు 35, రీజనింగ్ 35, మొత్తం 100 ప్రశ్నలు, 60 నిమిషాలు. ఒక్కొక్క భాగానికి విడిగా 20 నిమిషాలు. ఇంగ్లీషులో మిగిల్చిన సమయాన్ని లెక్కలకు వాడుకోవడం కుదరదు. అంటే లెక్కల్లో ఒక్కొక్క ప్రశ్నకు దక్కేది సుమారు 34 సెకన్లు. ఈ మార్కులు తుది జాబితాకు లెక్కలోకి రావు, ఇది గడప దాటించే పరీక్ష మాత్రమే. దాని తర్వాత ప్రధాన పరీక్ష. 2025లో మార్చిన పద్ధతి ప్రకారం అందులో 155 ప్రశ్నలు, 200 మార్కులు, 120 నిమిషాలు. అక్కడ వచ్చిన మార్కులే ఉద్యోగాన్ని నిర్ణయిస్తాయి.

కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తా పదవులకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష పెడుతుంది. ఇంటర్మీడియెట్ చాలు. మొదటి అంచెలో ఇంగ్లీషు, రీజనింగ్, లెక్కలు, సామాన్య పరిజ్ఞానం, ఒక్కొక్కటి 25 ప్రశ్నల చొప్పున 100 ప్రశ్నలు, గంట సమయం, ప్రశ్నకు రెండు మార్కులు. తర్వాతి అంచెలో టైపు పరీక్ష కూడా ఉంటుంది: ఇంగ్లీషులో నిమిషానికి 35 మాటలు, లేదా హిందీలో 30. ఒకప్పుడు మన వీధి చివర టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు పాసైన అమ్మానాన్నలు ఈ సంగతి పిల్లలకు చెప్పాలి. వేళ్ళన్నీ వాడి, కీబోర్డు చూడకుండా కొట్టడం సెల్‌ఫోను మీద రాదు.

రైల్వేలో టికెట్ క్లర్కు, అకౌంట్స్ క్లర్కు వంటి పదవులకు మొదటి పరీక్షలో 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. అందులో 40 ప్రశ్నలు సామాన్య పరిజ్ఞానానివే. కాబట్టి పత్రికలు చదివే అలవాటున్న పిల్లలకు రైల్వే పరీక్ష కొంత అనుకూలం.

తప్పు మార్కుల జమాఖర్చు

తప్పు జవాబుకు మార్కు కోస్తారు గదా, తెలియనివి ఊహించి పెట్టవచ్చునా అని పిల్లలు అడుగుతారు. కామర్సు చదివినవాణ్ణి గనుక దీన్ని జమాఖర్చులా చెబుతాను.

బ్యాంకు పరీక్షలో ఒక్కొక్క ప్రశ్నకు అయిదు జవాబులిస్తారు, తప్పుకు పావు మార్కు పోతుంది. కళ్ళు మూసుకుని అయిదు ప్రశ్నలకు జవాబులు పెట్టారనుకోండి. సగటున ఒకటి ఒప్పు, నాలుగు తప్పు. జమ ఒక మార్కు, ఖర్చు నాలుగు పావులు, అంటే ఒక మార్కు. మిగిలేది సున్న. రైల్వేలో నాలుగు జవాబులు, తప్పుకు మార్కులో మూడోవంతు పోతుంది. అక్కడ కూడా లెక్క సున్నకే వస్తుంది. స్టాఫ్ సెలక్షన్ మొదటి అంచెలో నాలుగు జవాబులు, ఒప్పుకు రెండు మార్కులు, తప్పుకు అర మార్కు. నాలుగు ప్రశ్నల్లో జమ రెండు, ఖర్చు ఒకటిన్నర. అర మార్కు లాభం.

దీన్నిబట్టి గుడ్డిగా పెట్టమని నేను చెప్పడం లేదు. ఇవి సగటు లెక్కలు, ఒక్కరోజు అదృష్టం ఎటైనా పోవచ్చు. అయితే బ్యాంకు పరీక్షలో అయిదింటిలో రెండు జవాబులు కచ్చితంగా కావని తెలిస్తే, మిగిలిన మూడింటిలో ఒకటి పెట్టడం లాభమే. మూడు ప్రశ్నలకు ఒక మార్కు జమ, అర మార్కు ఖర్చు. ఒక్క జవాబును కూడా తీసేయలేని ప్రశ్న దగ్గర మాత్రం ఆగకండి. అక్కడ పోయేది మార్కు కాదు, సమయం.

మన ఇళ్ళలో ఉన్న పాఠాలు

కోచింగు సెంటరులో డబ్బు పోసి నేర్చుకునే కొన్ని సంగతులు మన పెద్దల నోట్లోనే ఉన్నాయి. శాతాలను భిన్నాలుగా మార్చడం వాటిలో మొదటిది. అణా అంటే రూపాయిలో పదహారో వంతు, నూటికి ఆరుంపావు. బేడ రెండణాలు, నూటికి పన్నెండున్నర. పావలా ఇరవై అయిదు, ముప్పావలా డెబ్బై అయిదు. 640లో పన్నెండున్నర శాతం ఎంత అంటే, బేడ లెక్కన ఎనిమిదో వంతు, 80. కాగితం మీద గుణించవలసిన పని లేదు. తాతగారు అణాల లెక్క చెబుతుంటే విసుక్కోకుండా వినమనండి.

అలాగే వడ్డీ. "రెండు రూపాయల వడ్డీ" అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. "రూపాయిన్నర వడ్డీ" అంటే 18 శాతం. ఈ మాట ఇంట్లో విన్న పిల్లవాడికి బారువడ్డీ లెక్కలు కొత్తగా ఉండవు. చక్రవడ్డీకి ఒక చిన్న కిటుకు: రెండేళ్ళకు చక్రవడ్డీ, బారువడ్డీల తేడా ఎప్పుడూ మొదటి ఏడాది వడ్డీ మీద ఒక ఏడాది వడ్డీ. పదివేలకు 8 శాతం చొప్పున మొదటి ఏడాది వడ్డీ 800, దాని మీద 8 శాతం 64. అదే జవాబు.

దిక్కుల ప్రశ్నలు చూడండి. "ఒకడు మూడు కిలోమీటర్లు తూర్పుకు, అక్కడినుంచి నాలుగు కిలోమీటర్లు ఉత్తరానికి నడిచాడు. బయలుదేరిన చోటికి ఏ దిక్కున, ఎంత దూరాన ఉన్నాడు?" ఈశాన్యాన, అయిదు కిలోమీటర్లు. వంటిల్లు ఆగ్నేయంలో, దేవుడి గది ఈశాన్యంలో అని రోజూ వినే పిల్లలకు మూలలు గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు. గుండ్రంగా కూర్చున్నవారి ప్రశ్నలకూ ఒక గుర్తు: అందరూ మధ్యకు చూసి కూర్చుంటే, ఎడమచేతి వైపు లెక్కపెట్టుకుంటూ పోతే గడియారం ముళ్ళు తిరిగే దారే.

ఇక చుట్టరికాల ప్రశ్నలు. "ఈయన మా అమ్మ తండ్రికి ఒక్కగానొక్క కొడుకు" అని రమ అంటే ఆయన రమకు ఏమవుతాడు? ఇంగ్లీషులో ఆలోచించే పిల్లవాడు అంకుల్ దగ్గర ఆగి, తల్లివైపా తండ్రివైపా అని మళ్ళీ మొదటికొస్తాడు. తెలుగులో ఆలోచిస్తే ఒక్క మాట: మేనమామ. అన్నకూ తమ్ముడికీ, అక్కకూ చెల్లెలికీ కూడా మనకు వేరు మాటలున్నాయి. కాని ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. మనకు నాన్న తమ్ముడూ బాబాయే, పిన్ని భర్తా బాబాయే. ప్రశ్నలో అవి వేరువేరు. రెండోది, మన ఇళ్ళలో మేనరికాలున్నాయి. మేనమామే భర్త కావచ్చు, మేనత్తే అత్తగారు కావచ్చు. ప్రశ్నపత్రం వేసినవారి లోకంలో మేనరికం లేదు. చెప్పిన చుట్టరికం తప్ప మరేదీ ఊహించుకోకూడదు.

ఏ రాష్ట్రం? ఏ భాష?

అన్నిటికంటే ముఖ్యమైనది, మనలాంటి ప్రవాసాంధ్ర కుటుంబాలు తరచుగా చివర్లో ఆలోచించేది ఇదే. బ్యాంకు క్లర్కు పదవికి దరఖాస్తు చేసేటప్పుడు ఒకే రాష్ట్రాన్నో, కేంద్రపాలిత ప్రాంతాన్నో ఎంచుకోవాలి. ఆ చోటి అధికార భాష చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. ఎంపికయ్యాక బ్యాంకు వారు ఆ భాషలో పరీక్షిస్తారు. నెగ్గకపోతే ఉద్యోగం రాదు, మార్కులు ఎన్ని వచ్చినా సరే. స్టేట్ బ్యాంకులో అయితే పదో తరగతిలోనో పన్నెండులోనో ఆ భాష చదివినట్టు మార్కుల జాబితా చూపితే ఈ పరీక్ష ఉండదు.

బరంపురంలో నాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. నాలుగు తరాలుగా అక్కడే ఉన్నారు. అమ్మాయి ఇంగ్లీషు మీడియంలో, హిందీ, సంస్కృతం తీసుకుని చదువుకుంది. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా గడగడా మాట్లాడుతుంది. తెలుగు మన భాషే గదా అని ఆంధ్రప్రదేశ్ ఎంచుకుంది. రెండు పరీక్షలూ మంచి మార్కులతో నెగ్గింది. ఇంట్లో స్వీట్లు పంచారు. భాషా పరీక్ష రోజున ఒక తెలుగు పేరా చదవమన్నారు, సెలవు కోరుతూ ఒక ఉత్తరం రాయమన్నారు. ఆ అమ్మాయి అక్షరాలు కూడబలుక్కుంటూ నాలుగు పంక్తులు చదివింది, రాయలేకపోయింది. ఉద్యోగం చేతికందినట్టే అంది పోయింది. "మాట్లాడుతుంది గదండీ, రాయడానికేముంది అనుకున్నాం" అని వాళ్ళ నాన్నగారు అన్న మాట నాకు చాలా రోజులు వినిపించింది.

అదృష్టవశాత్తు ఆమెకు వయస్సు మిగిలి ఉంది. నాయనమ్మ దగ్గర గుణింతాల నుంచి మొదలుపెట్టి, రోజుకో పేజీ చూచివ్రాత రాసి, తర్వాతి ఏడు మళ్ళీ పరీక్షకు కూర్చుంది. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఒక శాఖలో కౌంటరు మీద పనిచేస్తోంది. కాని ఆ పోయిన ఏడాది పోయినట్టే.

కాబట్టి పిల్లలు ఎనిమిదో తరగతిలో ఉండగానే ఈ సంగతి ఆలోచించండి. ఉన్న రాష్ట్రంలోనే ఉద్యోగం కావాలంటే ఆ రాష్ట్ర భాష చదవడం, రాయడం రావాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు ఇది ఇంకా గట్టి నియమం. తమిళనాడు గ్రూప్ 4 పరీక్షలో 200 ప్రశ్నలుంటే 100 తమిళానివే. అందులో నూటికి 40 మార్కులు రానిదే మిగతా పత్రం లెక్కలోకి రాదు. ఒడిశాలో కనీసం ఏడో తరగతి స్థాయి ఒడియా నెగ్గినట్టు చూపాలి. కర్ణాటకలో ఫస్ట్ డివిజన్, సెకండ్ డివిజన్ అసిస్టెంటు పదవులకు కన్నడ పరీక్ష గట్టెక్కాలి. మహారాష్ట్రలో క్లర్కు-టైపిస్టుకు మరాఠీలో నిమిషానికి 30 మాటలు, లేదా ఇంగ్లీషులో 40 మాటలు టైపు వచ్చినట్టు సర్టిఫికెట్ కావాలి. ఉన్నచోటి భాష నేర్చుకోవడం మన తెలుగుకు ద్రోహం కాదు. మన తాతలు రెండు భాషల్లో లెక్కలు రాసి బతికినవారే.

పరీక్ష రాసే భాష వేరే సంగతి. 2021లో కేంద్ర ఆర్థిక శాఖ నిర్ణయం తర్వాత బ్యాంకు క్లర్కు పరీక్షలు ఇంగ్లీషు, హిందీలతో పాటు తెలుగు సహా 13 ప్రాంతీయ భాషల్లో వచ్చాయి. కాని ఎంచుకున్న రాష్ట్రానికి చెందిన భాషలే ఇస్తారు. కర్ణాటక ఎంచుకుంటే తెలుగు పత్రం రాదు. యానాం వారికి ఇందులో మేలుంది. పుదుచ్చేరి ఎంచుకున్నవారికి తమిళం, మలయాళంతో పాటు తెలుగు కూడా ఉంది. రైల్వే పరీక్షల్లోనూ, 2023 నుంచి స్టాఫ్ సెలక్షన్ ఇంటర్ స్థాయి పరీక్షలోనూ ఎక్కడున్నవారైనా తెలుగు కోరుకోవచ్చు.

అయితే లెక్కలు ఏ భాషలో నేర్చుకున్నారో ఆ భాషలోనే రాయడం మంచిది. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లవాడికి 'నిష్పత్తి', 'సంభావ్యత', 'కసాగు' వంటి మాటలు అర్థం చేసుకోవడానికే పది సెకన్లు పడితే, ఉన్న 34లో ఏం మిగులుతుంది? అభిమానం వేరు, పరీక్ష వేరు.

దళారుల మాట నమ్మవద్దు

మా శాఖకు ఒక పెద్దమనిషి ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువుకు ముందే తీసుకుంటానని వచ్చారు. కొడుక్కి క్లర్కు పోస్టు ఇప్పిస్తానని ఒక దళారి మూడు లక్షలు అడిగాడట. ఇంటర్వ్యూలో తనకు తెలిసినవాళ్ళున్నారని చెప్పాడట. 2016 జనవరి 1 నుంచి కేంద్రంలో ఇటువంటి కింది స్థాయి పదవులకు ఇంటర్వ్యూలే లేవండీ అని చెప్పాను. లేని ఇంటర్వ్యూలో తెలిసినవాళ్ళెలా ఉంటారని అడిగాను. ఆయన విన్నారు గాని డబ్బు తీసుకునే వెళ్ళారు. నాలుగు నెలలకు ఆ దళారి ఫోను పలకడం మానేసింది.

పరీక్షల్లో అక్రమాలను అరికట్టడానికి 2024లో కేంద్రం ప్రత్యేక చట్టం తెచ్చింది. మూడు నుంచి అయిదేళ్ళ జైలు, పది లక్షల దాకా జరిమానా ఉన్నాయి. చట్టం సంగతి అలా ఉంచి, డబ్బిచ్చిన తండ్రి కొడుక్కి తెలియకుండానే ఒక మాట చెబుతున్నాడు: "నీ వల్ల కాదు" అని. అది మూడు లక్షలకంటే పెద్ద నష్టం.

ఇంట్లో చేయవలసినవి

రోజుకు రెండు గంటలు, ఆరు నెలలు, విడవకుండా చదివితే సామాన్య విద్యార్థి కూడా నిలబడగలడని నా అనుభవం. ఇరవై దాకా ఎక్కాలు, ముప్పై దాకా వర్గాలు నోటికి రావాలి. వారానికి రెండుసార్లు గడియారం పెట్టుకుని పూర్తి పత్రం చేయాలి. చేసిన తర్వాత తప్పులను ఒక నోటుపుస్తకంలో మూడు వరసలుగా రాసుకోవాలి: తెలియక తప్పినవి, తొందరలో తప్పినవి, సమయం చాలక వదిలినవి. ఒక నెల అయ్యేసరికి జబ్బు ఎక్కడుందో పుస్తకమే చెబుతుంది. చాలామందికి రెండో వరసే పొడుగ్గా ఉంటుంది. దానికి మందు మరిన్ని పుస్తకాలు కొనడం కాదు, ప్రశ్నను చివరిదాకా చదవడం.

కాగితాలు కూడా ముందే సరిచూసుకోండి. మన ఇంటిపేర్లు ఒక సర్టిఫికెట్‌లో ముందు, ఒక దాంట్లో వెనక, ఒక దాంట్లో పొడి అక్షరంగా ఉంటాయి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే అన్నిచోట్లా ఉండేలా చూడండి. వెనుకబడిన తరగతుల సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలో, అడిగిన తేదీల లోపలిది కావాలి. రాష్ట్ర నమూనాలో ఉన్నదాన్ని తీసుకెళ్ళి చివరి రోజున తిరిగొచ్చినవారిని చూశాను.

పెద్దలకు చివరిగా ఒక మనవి. వేల ఖాళీలకు లక్షల మంది రాసే పరీక్ష ఇది. మంచి విద్యార్థి కూడా ఒకటి రెండుసార్లు తప్పవచ్చు. పక్కింటి అబ్బాయితో పోల్చకండి. వయోపరిమితి ఎంత మిగిలిందో లెక్కవేసుకుని, ఇన్నాళ్ళు ప్రయత్నిద్దామని పిల్లలతో కూర్చుని ముందే ఒక గడువు పెట్టుకోండి. ఆ గడువులోగా టైపు, ట్యాలీ, స్థానిక భాష, ఏదో ఒకటి చేతిలోకి వచ్చేలా చూడండి. అప్పుడు గుమాస్తా ఉద్యోగం రాకపోయినా ఆ చదువు వృథా పోదు.

ఈ సంచిక ఇంటికి రాగానే, పరీక్ష రాయబోయే పిల్లల చేతికిచ్చి ఈ వ్యాసంలో ఒక పేజీ బయటికి చదవమనండి. తర్వాత అందులో నాలుగు పంక్తులు చూడకుండా రాయమనండి. ఎక్కడ తడబడుతున్నారో మీకే తెలుస్తుంది.